కెర్నల్ అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లబడితే: నా అనుభవం

కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ లేవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చి పోయింది. ఉబుంటు లోగో ఒక్క క్షణం మెరిసింది. ఆ తర్వాత నల్లటి స్క్రీన్, ఎడమవైపు పైమూలలో మిణుకుమిణుకుమంటున్న చిన్న గీత. ఎంతసేపు చూసినా లాగిన్ స్క్రీన్ రాలేదు. ముందురోజు రాత్రి కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, 6.2 నుంచి 6.5కి అప్‌డేట్ అయింది. అంతకుమించి ఏమీ మారలేదు.

ముందు మెషీన్ వివరాలు. డెస్క్‌టాప్, రైజెన్ 5 3600 ప్రాసెసర్. ఈ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బొమ్మ మొత్తం ఎన్విడియా జీటీఎక్స్ 1650 కార్డు మీదే ఆధారపడుతుంది. ఉబుంటు 22.04, ఎన్విడియా డ్రైవర్ 535 వరస, సెక్యూర్ బూట్ (సరైన సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. ఎవరినైనా సాయం అడిగినా ఈ ముక్కలన్నీ ముందే చెప్పాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందా లేదా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా అన్న రెండింటిని బట్టే వెతికే దారి మారిపోతుంది. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

స్క్రీన్ నల్లబడగానే చాలామంది పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఆ అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. బొమ్మ స్క్రీన్ మీదికి చేరాలంటే కెర్నల్ లేవాలి, కార్డుకు సరిపోయే మాడ్యూల్ (డ్రైవర్ ముక్క) అందులోకి ఎక్కాలి, దాని మీద తెరను గీసే ఎక్స్ సర్వరో వేలాండో నిలబడాలి, ఆపైన లాగిన్ మేనేజర్ రావాలి. ఈ వరసలో ఎక్కడో ఒక్కచోట తెగుతుంది. ఎక్కడ తెగిందో తేలాక సరిచేయడం పెద్ద పని కాదు. తేలకుండా కనపడ్డ కమాండల్లా కొట్టుకుంటూ పోతే, మొదట ఉన్న తప్పుకి మనం చేసిన తప్పులు తోడవుతాయి.

లాగిన్ కూడా అవ్వకుండా తెలుసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదట క్యాప్స్‌లాక్ నొక్కి చూశాను. కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతోంది, అంటే కెర్నల్ బతికే ఉంది. మానిటర్ ‘నో సిగ్నల్’ అనడం లేదు, నల్లగా ఉన్నా వెనక లైటు వెలుగుతోంది, అంటే కార్డు నుంచి సిగ్నల్ వస్తోంది. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల లాగిన్ వచ్చింది. అక్కడికే సగం తేలింది. కెర్నల్ బాగుంది, మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది. తెగింది వాటికి పైన. ల్యాప్‌టాప్ అయితే ఇంకో పరీక్ష చేయాలి. చీకట్లో ఫోన్ టార్చి స్క్రీన్‌కి ఏటవాలుగా పట్టి చూస్తే, లోపల లీలగా డెస్క్‌టాప్ కనపడుతుంటే అది బ్యాక్‌లైట్ సమస్య. దానికి గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్లగానే కొట్టాల్సిన మొదటి కమాండ్ ‘డీఎఫ్ మైనస్ హెచ్’. డిస్కు నిండిందేమో చూడటానికి. దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. రూట్ పార్టిషన్ నిండిపోతే లాగిన్ మేనేజర్ తన ఫైళ్లు రాసుకోలేక పడిపోతుంది, చూడ్డానికి అచ్చం గ్రాఫిక్స్ సమస్యలాగే ఉంటుంది. విడిగా బూట్ పార్టిషన్ ఉండి అది నిండితే, బూట్ మొదట్లో కొత్త కెర్నల్‌కి కావాల్సిన ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు సగంలో ఆగిపోతుంది. నా మెషీన్‌లో రెండింటిలోనూ చోటుంది. ‘యూనేమ్ మైనస్ ఆర్’ కొడితే 6.5 కెర్నల్ నడుస్తోందని చూపింది.

తర్వాత ‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కె’. ఒక్కో పరికరాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో చెప్పే కమాండ్ ఇది. వీజీఏ అని మొదలయ్యే లైన్ కింద మామూలుగా రెండు వరసలుంటాయి: ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ ఒకటి, ‘కెర్నల్ మాడ్యూల్స్’ ఇంకొకటి. నాకు రెండోదే ఉంది, అందులోనూ ఎన్విడియాఎఫ్‌బీ, నూవో అని రెండే పేర్లు. మొదటి వరస అసలు లేదు. అంటే కార్డును ఏ డ్రైవరూ పట్టుకోలేదు. నూవో అనేది ఇదే కార్డులకు వేరేవాళ్లు రాసిన ఓపెన్‌సోర్స్ డ్రైవర్; ఎన్విడియా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది రాకుండా బ్లాక్‌లిస్టులో పెడతారు. అలా నూవో రాదు, ఎన్విడియా లేదు. టెక్స్ట్ స్క్రీన్ మాత్రం ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మ ఉండే మెమరీ) మీద నడిచిపోతోంది.

ఎన్విడియా ఎందుకు లేదు? ఈ ప్రశ్నకి జవాబిచ్చే కమాండ్ ‘సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా’. దీనికి వచ్చే ఎర్రర్‌ని అక్షరం అక్షరం చదవాలి, ఎందుకంటే మూడు రకాల జవాబులకు మూడు వేర్వేరు దారులు. ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని వస్తే ఈ కెర్నల్ కోసం మాడ్యూల్ తయారే కాలేదు. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే మాడ్యూల్ ఉంది, సెక్యూర్ బూట్ దాని సంతకాన్ని ఒప్పుకోలేదు. ‘నో సచ్ డివైస్’ అంటే మాడ్యూల్ ఎక్కబోయింది కానీ కార్డు చేతికి రాలేదు: నూవో ముందే కార్డును పట్టుకుని ఉండొచ్చు, లేదా ఆ డ్రైవర్ వరస ఆ కార్డుకి సరిపోనిది కావచ్చు. మొదటిదానికి రెండోదాని మందు, రెండోదానికి మూడోదాని మందు వేయడం వల్లే రోజులు పోతాయి. నాకు వచ్చింది మొదటిది, ‘నాట్ ఫౌండ్’.

ఎక్స్ సర్వర్ లాగ్‌లో కూడా ఇదే కథ ఉంది. జీడీఎం అనే లాగిన్ మేనేజర్ నడిపే ఎక్స్ సర్వర్ తన లాగ్‌ను వార్ లిబ్ కింద జీడీఎం3 ఫోల్డర్‌లో, లోకల్ షేర్ ఎక్స్‌ఆర్గ్ అనే చోట దాచుకుంటుంది. వార్ లాగ్‌లో వెతికి ఏమీ లేదనుకునేవాళ్లు ఎక్కువ. ఆ ఫైల్లో బ్రాకెట్లలో రెండు ‘ఈ’లు ఉన్న లైన్లే ఎర్రర్లు, ‘డబ్ల్యూ’లు ఉన్నవి హెచ్చరికలు, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. ఎన్విడియా కెర్నల్ మాడ్యూల్‌ని మొదలుపెట్టలేకపోయానని ఒకటి, స్క్రీన్లేమీ దొరకలేదని ఇంకొకటి ఉన్నాయి. ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. మాడ్యూల్ లేకపోయినా ఎక్స్ సర్వర్ మామూలుగా తక్కువ రెజల్యూషన్‌లోనైనా లేవాలి. అలా లేవకపోవడానికి కారణం ఈటీసీ ఎక్స్11 ఫోల్డర్‌లో ఉన్న పాత ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైలు. ఎన్విడియా సెట్టింగ్స్‌లో ఎప్పుడో సేవ్ నొక్కినప్పుడు పుట్టింది అది. అందులో డ్రైవర్ ఎన్విడియానే అని రాసి ఉంది కాబట్టి ఎక్స్ సర్వర్ ఇంకో దారి చూడలేదు. వేలాండ్ వైపు వెళ్దామంటే జీడీఎం సెట్టింగుల్లో దాన్ని ఆఫ్ చేసి ఉంచాను. ఆ కాన్ఫ్ ఫైలును తీసేయకుండా పేరు మార్చి పక్కన పెట్టాను. ఈరోజుల్లో చాలా మెషీన్లకు ఆ ఫైలు అక్కర్లేదు.

ఇక మాడ్యూల్ సంగతి. ఎన్విడియా డ్రైవర్ డీకేఎంఎస్ ప్యాకేజీ ద్వారా వస్తే, కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ మాడ్యూల్ మన మెషీన్ మీదే కొత్తగా కంపైల్ అవుతుంది. ఒక కెర్నల్‌కి తయారైంది ఇంకో కెర్నల్‌కి పనికిరాదు. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే 6.2 కెర్నల్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంది, 6.5కి అసలు లైనే లేదు. అంటే రాత్రి అప్‌డేట్ అవుతున్నప్పుడే కంపైల్ ఫెయిలైంది. ప్యాకేజీలు వేసే ఆప్ట్ ఆ విషయం స్క్రీన్ మీద చెప్పే ఉంటుంది. వందల లైన్లు పరుగెత్తుతుంటే ఎవరూ చూడరు.

ఇక్కడ రీబూట్ చేసి, గ్రబ్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోంచి పాత 6.2 కెర్నల్ ఎంచుకున్నాను. డెస్క్‌టాప్ ఎప్పటిలాగే వచ్చింది. కార్డు బాగుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గ్రబ్ మెనూ కనపడనివాళ్లు యూఈఎఫ్ఐ మెషీన్లలో ఆన్ చేయగానే ఎస్కేప్ కీ ఒకటి రెండుసార్లు తట్టాలి, పాత బయాస్ మెషీన్లలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. పాత కెర్నల్ లేకపోతే అదే మెనూలో కెర్నల్ ఎంట్రీ మీద ‘ఈ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర, క్వైట్ స్ప్లాష్ ఉన్నచోట, నోమోడ్‌సెట్ అని రాసి ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి తక్కువ రెజల్యూషన్‌లో లేస్తుంది. నోమోడ్‌సెట్ మందు కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్లను పక్కన ఉండమని కెర్నల్‌కి చెప్పడమే అది. దాన్ని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసేసుకుని, ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో వీడియోలు తడబడుతున్నాయని, బ్రైట్‌నెస్ మారడం లేదని నెలల తరబడి బాధపడేవాళ్లను చూశాను. మరమ్మతు అయ్యేదాకా చేయూత, అంతే.

కంపైల్ ఎందుకు ఫెయిలైందో చెప్పే ఫైలు మేక్ డాట్ లాగ్. వార్ లిబ్ డీకేఎంఎస్ కింద ఎన్విడియా, దాని వెర్షన్, బిల్డ్ అనే ఫోల్డర్లలోకి వెళ్తే ఉంటుంది. అందరూ దాని చివరి లైన్లు చూస్తారు. చివర ఉండేది ‘ఎర్రర్ 1’, ‘ఎర్రర్ 2’ లాంటి పనికిరాని మాటలే. పైనుంచి చదువుకుంటూ వచ్చి మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోవాలి. పైనే ఒక హెచ్చరిక ఉంది: కెర్నల్‌ని కట్టిన కంపైలర్ జీసీసీ 12.3, మీరు వాడుతున్నది 11.4. దాని కింద అసలు ఎర్రర్: ‘ఎఫ్‌ట్రివియల్ ఆటో వార్ ఇనిట్’ అనే ఆప్షన్ తెలియదని కంపైలర్ అంటోంది. ఫంక్షన్లలోని వేరియబుల్స్‌ని ముందే సున్నా చేసిపెట్టే భద్రతా ఆప్షన్ అది. జీసీసీలోకి అది 12వ వెర్షన్‌తో వచ్చింది. కెర్నల్ 12తో తయారైంది కాబట్టి మాడ్యూల్ కూడా అదే ఆప్షన్‌తో తయారవ్వాలంటుంది. నా మెషీన్‌లో ఉన్నది 11 ఒక్కటే, దానికి ఆ మాటే తెలియదు. తప్పు కార్డులోనూ లేదు, డ్రైవర్‌లోనూ లేదు. ఒక కంపైలర్ ప్యాకేజీ లేదు, అంతే. డ్రైవర్‌ని పదిసార్లు తీసి పెట్టినా ఇదే ఎర్రర్ పదిసార్లు వస్తుంది.

జీసీసీ 12 ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాను. అది వచ్చినంత మాత్రాన ‘జీసీసీ’ అన్న పేరు 12కి మారదు. ‘అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్’తో 11నీ 12నీ రెండింటినీ నమోదు చేసి, 12కి ఎక్కువ ప్రయారిటీ ఇచ్చాను. ‘జీసీసీ వెర్షన్’ అడిగితే 12.3 అని చెప్పాకే ముందుకెళ్లాను. ఆపైన ‘సుడో డీపీకేజీ’కి ‘కాన్ఫిగర్’, ‘మైనస్ ఎ’ జోడించి కొట్టాను. రాత్రి సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ అక్కడినుంచి పూర్తయ్యాయి, వాటితోపాటు 6.5కి ఎన్విడియా మాడ్యూల్ కూడా తయారైంది. అలా కాకపోతే ‘డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’కి ‘మైనస్ కె’ పెట్టి కొత్త కెర్నల్ పూర్తి పేరు ఇవ్వాలి. పాత కెర్నల్‌లో కూర్చుని కొత్తదానికి మాడ్యూల్ కట్టుకోవచ్చు. కంపైల్ ఫెయిలవడానికి ఇంకో మామూలు కారణం కెర్నల్ హెడర్స్ లేకపోవడం. ‘లినక్స్ హెడర్స్’ ప్యాకేజీ కెర్నల్ వెర్షన్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

డెస్క్‌టాప్ రాకుండా టెక్స్ట్ లాగిన్‌లోనే ఇదంతా చేయాల్సి వస్తే ఇంటర్నెట్ ఎలా అని అడుగుతారు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌లాగా దానంతటదే పట్టుకుంటుంది, వైఫై పాస్‌వర్డులు కొట్టే పని లేదు. ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’లో కనెక్టెడ్ అని కనపడిందంటే ఆప్ట్ పనిచేస్తుంది.

సెక్యూర్ బూట్ దగ్గర నాకు ఇబ్బంది రాలేదు, సంతకానికి వాడే మాక్ కీ (మెషీన్ ఓనర్ కీ) ఎప్పుడో నమోదై ఉంది. ‘మోక్‌యుటిల్’కి ‘ఎస్‌బీ స్టేట్’ ఇస్తే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. కీ నమోదు కాని మెషీన్లలో ‘మోక్‌యుటిల్ ఇంపోర్ట్’తో వార్ లిబ్ కింద షిమ్ సైన్డ్ ఫోల్డర్‌లో, మాక్ ఫోల్డర్ లోపలి మాక్ డాట్ డీఈఆర్ ఫైలు ఇవ్వాలి (ఫైలు పేరులో మాక్ మాత్రం పెద్ద అక్షరాల్లో). ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఒక్కసారికే. రీబూట్ చేయగానే నీలం స్క్రీన్ వచ్చి ఏదో ఒక కీ నొక్కమని కొద్ది సెకన్లే ఆగుతుంది. ఆ కొద్ది సెకన్లలో నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ నమోదు కాదు, మళ్లీ ఇంపోర్ట్ దగ్గరినుంచి మొదలుపెట్టాలి. నొక్కాక ‘ఎన్‌రోల్ మాక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’, పాస్‌వర్డ్, ‘రీబూట్’, ఈ వరసలో వెళ్లాలి. ఆ స్క్రీన్‌లో కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది, అందుకని పాస్‌వర్డులో గుర్తులు పెట్టకుండా మామూలు అక్షరాలు, అంకెలతో సరిపెట్టుకోవడం మేలు.

కొత్త కెర్నల్‌తో రీబూట్ చేస్తే లాగిన్ వచ్చింది. అంతటితో అయిపోయిందనుకోకూడదు. ‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కె’లో డ్రైవర్ ఇన్ యూజ్ ఎన్విడియా అని ఉండాలి, ‘ఎన్విడియా ఎస్ఎంఐ’ కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్ చూపించాలి. మెసా యుటిల్స్ ప్యాకేజీలో వచ్చే ‘జీఎల్ఎక్స్ ఇన్ఫో మైనస్ క్యాపిటల్ బీ’ కొట్టి రెండరర్ లైన్ చూడాలి. అక్కడ ‘ఎల్ఎల్‌వీఎం పైప్’ అని ఉంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోందని అర్థం. డెస్క్‌టాప్ కనపడుతూనే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం హోరెత్తుతుంది.

ఇదే రోజుల్లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ఇంకో మెషీన్‌లో వేరే రకం డిస్‌ప్లే సమస్య చూశాను. ఇది ఇళ్లలో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా వచ్చేదే, అందుకే వివరంగా రాస్తున్నాను. పాత వీజీఏ మానిటర్, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చవక కన్వర్టర్. మానిటర్ 1920×1080 అయినా సెట్టింగుల్లో 1024×768 దాటి ఏమీ కనపడదు. మానిటర్ తనకు ఏయే రెజల్యూషన్లు చేతనవుతాయో ఈడీఐడీ అనే 128 బైట్ల బ్లాకులో దాచుకుంటుంది. వీజీఏ కనెక్టర్‌లో 12వ పిన్ను, 15వ పిన్ను ద్వారా కంప్యూటర్ దాన్ని చదువుతుంది. కన్వర్టర్‌లోనో కేబుల్‌లోనో ఆ పిన్నుల దారి తెగితే కంప్యూటర్‌కి అవతల ఏముందో తెలియదు, క్షేమంగా ఉండే చిన్న రెజల్యూషన్‌కి దిగిపోతుంది. సిస్ క్లాస్ డీఆర్ఎం కింద హెచ్‌డీఎంఐ పేరున్న ఫోల్డర్‌లో ఈడీఐడీ ఫైలు తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. డ్రైవర్ జోలికి వెళ్లక్కర్లేదని అక్కడే తేలింది.

ఎక్స్ సర్వర్‌లో అయితే మనమే రెజల్యూషన్ చెప్పొచ్చు. ‘సీవీటీ 1920 1080 60’ కొడితే ఒక మోడ్‌లైన్ ఇస్తుంది, దాంట్లో మొదటి అంకె 173.00. దాన్ని ‘ఎక్స్‌రాండర్’కి ‘న్యూమోడ్’, ‘యాడ్‌మోడ్’ అంటూ ఇవ్వమని అన్నిచోట్లా చెబుతారు. ఇస్తే స్క్రీన్ ఆరిపోయింది. ఆ 173 అనేది పిక్సెల్ క్లాక్, మెగాహెర్ట్జ్‌లో. కనపడే పిక్సెళ్లు 1920×1080 అయినా, రెండు పక్కలా ఖాళీతో కలిపి అడ్డంగా 2576, నిలువుగా 1120 లెక్క పడుతుంది. సెకనుకు దాదాపు 60 సార్లు గీయాలంటే 173 మెగాహెర్ట్జ్ అవుతుంది. తొలి తరం హెచ్‌డీఎంఐ పరిమితి 165. చవక కన్వర్టర్లు చాలావరకు దాన్ని దాటలేవు. ‘సీవీటీ’కి ‘మైనస్ ఆర్’ జోడిస్తే ఖాళీని తగ్గించి, 2080×1111తో లెక్కవేసి 138.50 మెగాహెర్ట్జ్ మోడ్‌లైన్ ఇస్తుంది. అది ఇవ్వగానే 1920×1080 వచ్చి నిలబడింది. ఎక్స్‌రాండర్‌తో ఇచ్చింది రీబూట్ అయితే పోతుంది కాబట్టి లాగిన్‌లో నడిచే స్క్రిప్టులో పెట్టాలి. వేలాండ్‌లో ఈ దారి లేదు. గ్రబ్ ఫైల్లో కెర్నల్ లైన్‌కి వీడియో పారామీటర్ ఇచ్చి, అందులో హెచ్‌డీఎంఐ ఎ 1 అనే పోర్టు పేరు, 1920×1080, దాని వెనకే ఖాళీ తగ్గించమని చెప్పే ఎం, ఆర్ అనే పెద్ద అక్షరాలు, 60 రాసుకోవాలి. పోర్టు పేరు ఆ డీఆర్ఎం ఫోల్డర్‌లో ఎలా ఉంటే అలాగే ఇవ్వాలి. డబ్బు పెట్టగలిగితే ఈడీఐడీని సరిగా దాటించే కన్వర్టర్ కొనుక్కోవడమే నయం.

ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో స్క్రీన్ ఉండుండి వణికినట్టు, మెరిసినట్టు ఉంటే ముందు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ని అనుమానించాలి. బ్యాటరీ ఆదా కోసం, బొమ్మ మారనప్పుడు ప్యానెల్‌నే చూసుకోమని వదిలేసే ఏర్పాటు అది. కెర్నల్ లైన్‌లో ఐ915 మాడ్యూల్‌కి ‘ఎనేబుల్ పీఎస్ఆర్’ సున్నా ఇచ్చి ఒక పూట చూస్తే తేలిపోతుంది. ఏఎండీలో స్క్రీన్ రాకపోతే ‘డీమెసేజ్’లో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకాలి. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ వస్తోంది. అంతకుముందు వెర్షన్లలో విడిగా వేసుకోవాల్సిందే.

ఆ డెస్క్‌టాప్‌లో ఇప్పుడు కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ, రీస్టార్ట్ నొక్కకముందే ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూస్తున్నాను. కొత్త కెర్నల్ పేరుతో లైన్ ఉండి, దాని పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంటేనే రీస్టార్ట్. ‘యాడెడ్’ అని ఉన్నా, లైను లేకపోయినా మేక్ లాగ్ తెరుస్తాను. డెస్క్‌టాప్ ఇంకా కళ్లముందే ఉంటుంది కాబట్టి ఆ పని తీరిగ్గా చేసుకోవచ్చు. కొత్త కెర్నల్ రెండు మూడు రోజులు సరిగా నడిచేదాకా ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ జోలికి వెళ్లను, పాత కెర్నల్ గ్రబ్‌లో ఉండాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, యూపీఎస్ లేకుండా, కంపైల్ జరుగుతున్న ఆ రెండు మూడు నిమిషాల్లో అప్‌డేట్‌ని నడవనివ్వకండి.